హార్ప్సికార్డ్ శ్రుతి తప్పితే పాడైనట్టు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను హార్ప్సికార్డులు బాగుచేస్తాను. ఇక్కడ నెదర్లాండ్స్‌లో చలి మొదలై ఇళ్లలో హీటర్లు వేశారంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. హార్ప్సికార్డ్, దాని చిన్న రూపాలైన స్పినెట్, వర్జినల్ (పియానోలాగే మెట్లుండి, తీగల్ని మీటి పలికే పాతకాలపు వాయిద్యాలు)... ఇంట్లో ఏది ఉన్నా అందరిదీ ఒకటే టెన్షన్: "మొన్నటిదాకా బాగుందండీ, ఇప్పుడన్నీ అపస్వరాలే. పాడైపోయిందా?"

పాడవలేదు. తీగల కింద ఉండి వాటి ధ్వనిని పెంచే పలక, సౌండ్‌బోర్డు, మందం 3 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది, అదీ స్ప్రూస్ చెక్క. హీటర్ల వేడికి గాలిలో తేమ తగ్గితే చెక్క కుంచించుకుని బోర్డు కాస్త కిందికి దిగుతుంది. దాంతోపాటే దాని మీద తీగలు ఆనే బ్రిడ్జి దిగి తీగలు వదులవుతాయి. తేమ పెరిగితే మళ్లీ పైకి లేస్తుంది. చెక్క ఉన్నంతకాలం ఇది తప్పదు.

పియానోకి లాగా ట్యూనర్ ఏడాదికి రెండుసార్లు వస్తే చాలనుకోవడంతోనే తంటా మొదలవుతుంది. వీణ వాయించేవాళ్లు శ్రుతి చేసిపెట్టడానికి ఇంకొకరి కోసం ఎదురుచూస్తారా? ఇదీ అంతే. ట్యూనింగ్ కీ, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే ఎవరికైనా వస్తుంది.

అసలు డబ్బు పోయేది మాత్రం "సరైన శ్రుతి అంటే 440" అన్న నమ్మకం వల్ల. అంటే A అనే స్వరానికి తీగ సెకనుకు 440 సార్లు కంపించాలని. 440 మీద దేశాలు ఒప్పందానికి వచ్చింది 1939లో, లండన్ సమావేశంలో. హార్ప్సికార్డుల కాలంలో అయితే ఊరికో శ్రుతి ఉండేది. ఈ రోజుల్లో కట్టే హార్ప్సికార్డులు చాలావరకు 415కి, అంటే అరస్వరం కిందికి, లెక్కేసి తీగలు కట్టినవి. దాన్ని 440కి లాగితే ప్రతి తీగ మీదా బిగువు దాదాపు 12 శాతం పెరుగుతుంది. పై స్థాయిలోని ఇనుప తీగలు ముందే తెగే హద్దుకు దగ్గరగా ఉంటాయి. పియానోలో అయితే మొత్తం బిగువు టన్నుల్లో ఉన్నా మోయడానికి పోత ఇనుప చట్రం ఉంది. ఇక్కడ ఉన్నది చెక్క పెట్టె.

ఆ మధ్య మన తెలుగువాళ్లే ఒకరు, పాప పియానో నేర్చుకుంటోందని సెకండ్‌హ్యాండ్ స్పినెట్ ఒకటి ముచ్చటపడి కొన్నారు. ఎవరో పియానో ట్యూనర్‌ని పిలిస్తే ఆయన 440కి బిగించాడు. తీగలు టపటపా తెగాయి. తెగిన చోటల్లా పియానో ఉక్కు తీగ కట్టి వెళ్లాడు. నేను వెళ్లి మూత తీసేసరికి బ్రిడ్జి పక్కన సౌండ్‌బోర్డు చార వెంబడి చీలి ఉంది, గోరు దూరేంత. తీగ తెగితే పోయేది తీగ ఒక్కటే, కొత్తది కట్టుకోవచ్చు. ఆ ఉక్కు తీగ తెగదు, అందుకే చెక్క చీలింది. పాప వాళ్లమ్మ "మేమేమైనా తప్పు చేశామా అండీ?" అని పదేపదే అడిగింది. మీ తప్పేం లేదమ్మా, తెలియని పనికి ఒప్పుకున్నవాడిది అన్నాను. కాఫీ ఇచ్చారు, పెసరట్టు తిని వెళ్లమన్నారు. బాగుచెయ్యడానికయ్యే ఖర్చు చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

కాబట్టి తయారీదారు ఏ శ్రుతికి కట్టాడో కనుక్కుని అక్కడే ఉంచండి. పాడేవాళ్లకు 440 కావాలంటే, చాలా కొత్త హార్ప్సికార్డుల్లో కీబోర్డునే ఒక మెట్టు పక్కకి జరుపుకోవచ్చు. తీగల జోలికి పోనక్కర్లేదు.

చలికాలంలో తీగలన్నీ వదులు చేసి పెట్టాలని వాట్సాప్‌లో ఎవరు పుట్టించారో గానీ, దయచేసి ఆ పని చెయ్యకండి. వదులు చేసి మళ్లీ బిగించినప్పుడే తీగలు తెగేది. గదిలో తేమ 50 శాతం దగ్గర ఉంచండి, రేడియేటర్‌కి దూరంగా పెట్టండి, చాలు.

ఇక మిగతావి. గట్టిగా కొడితే గట్టిగా పలుకుతుందా? పలకదు. మెట్టు నొక్కితే జాక్ అనే చెక్క పుల్ల పైకి లేస్తుంది, తీగను మీటేది దానిలోని చిన్న కొస, ప్లెక్ట్రమ్, మీరెంత బాదినా అది మీటేది అంతే. జాక్ పోయి పై పట్టీకి తగిలి టక్కుమంటుంది, అదే మీకు వచ్చే లాభం.

వర్జినల్ ఆడపిల్లల కాలక్షేపం అంటారా? బర్డ్, బుల్, గిబ్బన్స్ లాంటి నాటి ఇంగ్లండ్ పెద్ద స్వరకర్తలు దానికోసం రాశారు. 1666లో లండన్ తగలబడుతుంటే ఇంటి సామాను వేసుకుని నది మీద పోతున్న పడవల్లో మూడింట ఒకదానిలో వర్జినల్ కనబడిందని అప్పటి లండన్‌వాసి శామ్యూల్ పెపిస్ డైరీలో ఉంది.

ప్లెక్ట్రమ్‌ని పూర్వం పక్షి ఈకతో చేసేవారు, దాని బదులు ప్లాస్టిక్‌ది పెడితే మోసమట! నేనూ డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ వాడతాను. కొస కింద బ్లేడుతో ఒక్క పొర గీస్తే చాలు, మీటు మెత్తబడుతుంది. ఇంకో పొర గీశామంటే స్వరం పీలగా అయిపోతుంది, దాన్ని పారేసి కొత్తది పెట్టాల్సిందే. ఈక అయినా అంతే.