బైనాక్యులర్‌కు పట్టిన బూజు

డిసెంబర్‌లో ఒక తెల్లవారుజామున సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద కారు ఆపి దిగాను. రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ సరస్సు. దూరంగా నీళ్లలో గులాబీ రంగు చారలా ఫ్లెమింగోల గుంపు. గబగబా బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుంటే అంతా పాలపొగ. లెన్స్‌కు ఆవిరి పట్టేసింది. పక్షులు ఎక్కడ లేచిపోతాయోనన్న ఆత్రంలో చొక్కా అంచుతో గట్టిగా రుద్దాను. వేలి కింద సన్నగా గరగరమంది. ఆ గరగర ఇవాళ్టికీ ఎడమవైపు లెన్స్ మీద విల్లులా వంగిన మూడు గీతలై మిగిలింది.

ఆ రోజు నేను తుడవాల్సిన పనే లేదు. రాత్రంతా బైనాక్యులర్ ఉన్నది ఏసీ గదిలో, ఆ తర్వాత ఏసీ కారులో. అద్దం 20 డిగ్రీల దాకా చల్లబడి ఉంది. బయట సరస్సు గాలి 25 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమతో ఉందనుకోండి, ఆ గాలి సుమారు 22 డిగ్రీలకు చల్లబడగానే తనలోని నీటిని వదిలేస్తుంది. ఈ ఉష్ణోగ్రతనే తుషార బిందువు అంటాం. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టేదీ ఇందుకే. అద్దం వేడెక్కేదాకా ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ పడుతూనే ఉంటుంది. పది పదిహేను నిమిషాలు ఊరుకుంటే దానంతట అదే పోతుంది. ఇప్పుడు నేను చేరడానికి అరగంట ముందే ఏసీ ఆపి కిటికీలు దించేస్తాను. బైనాక్యులర్‌ను మాత్రం గట్టిగా మూసిన జిప్ కవర్‌లోనే ఉంచుతాను. పట్టే తేమ కవర్ మీద పడుతుంది, లోపల అద్దం మెల్లగా బయటి వేడికి అలవాటు పడుతుంది.

ఇక ఆ గీతల సంగతి. లెన్స్‌ను కాస్త వాలుగా పట్టుకుని చూస్తే ఊదారంగో, ఆకుపచ్చో మెరుస్తుంది కదా, ఆ మెరుపే అసలు విలువైనది. పూత లేని మామూలు గాజు తన మీద పడిన కాంతిలో దాదాపు 4 శాతాన్ని వెనక్కి కొట్టేస్తుంది. ఒక్క అద్దమైతే పర్వాలేదు. బైనాక్యులర్‌లో ముందు లెన్స్, పట్టకాలు (ప్రిజమ్‌లు), కంటి దగ్గరి లెన్సులు కలిపి గాలికి తగిలే ముఖాలు పదైనా ఉంటాయి. పదిసార్లు 4 శాతం చొప్పున పోతే కంటికి చేరేది మూడింట రెండొంతులే. పోయిన కాంతి ఊరికే కూడా పోదు. గొట్టం లోపల అటూ ఇటూ తిరిగి బొమ్మ మీద తెల్లటి తెరలా పరుచుకుంటుంది.

దీనికి విరుగుడు దొరికిన తీరు నాకు చాలా ఇష్టం. 1886లో బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ, గాలికి వన్నె తగ్గిన పాత గాజు కొత్త గాజుకన్నా ఎక్కువ కాంతిని పోనిస్తోందని గమనించాడు. ఆ తర్వాత యార్క్‌లో లెన్సులు తయారుచేసే డెన్నిస్ టేలర్ కూడా అదే చూశాడు. కాలం అద్దం మీద పరిచిన పలుచటి పొర కాంతికి అడ్డు కాలేదు, దారి ఇచ్చింది. ఆ పొరను కావాలని, కొలతతో వేసే పద్ధతికి 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా పేటెంట్ తీసుకున్నాడు. కొన్నేళ్ల పాటు జర్మనీ దాన్ని సైనిక రహస్యంగా దాచింది.

ఈ పూతలకు ఎక్కువగా వాడేది మెగ్నీషియం ఫ్లోరైడ్. మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో ఏడెనిమిది వందల వంతు. పూత పైముఖం నుంచి కొంత కాంతి, అడుగు ముఖం నుంచి కొంత కాంతి వెనక్కి వస్తాయి. అడుగుదాకా వెళ్లొచ్చిన కెరటం సరిగ్గా సగం కెరటం పొడవు వెనకబడుతుంది. ఒకదాని ఎత్తు మీద రెండోదాని పల్లం పడి రెండూ చెల్లిపోతాయి, ఆ కాంతి కూడా ముందుకే సాగుతుంది. ఈ లెక్క మన కన్ను బాగా పట్టుకునే ఆకుపచ్చకు సరిపోయేలా కుదురుస్తారు. ఎరుపు, నీలం కొంచెం మిగిలిపోతాయి, అవి కలిసి ఊదాగా కనిపిస్తాయి. నేటి మంచి లెన్సుల మీద ఇలాంటి పొరలు చాలా ఉంటాయి, వెనక్కి పోయేది అర శాతం లోపే.

అంత పలుచని పొర మీద నేను రుద్దింది ఇసుక. మన దుమ్ములో ఎంతో కొంత క్వార్ట్జ్, అంటే ఇసుకలోని గట్టి ఖనిజం, ఉంటుంది. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్ 7, గాజు ఐదున్నర దగ్గర, మెగ్నీషియం ఫ్లోరైడ్ కూడా ఆ దరిదాపుల్లోనే. దుమ్ము పడిన లెన్స్‌ను పొడిబట్టతో తుడవడమంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. చొక్కా అంచు, చీర కొంగు, జేబురుమాలు, పేపర్ న్యాప్‌కిన్ ఏదైనా ఒకటే.

అసలు నాలుగు నలుసులు పడినంత మాత్రాన బొమ్మకు ఏమీ కాదు. 42 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న లెన్స్ వైశాల్యం దాదాపు 1,385 చదరపు మిల్లీమీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు నలుసు ఆపేది అందులో వేయో వంతు కూడా కాదు. ఆ నలుసు ఫోకస్‌లో ఉండదు కాబట్టి కంటికి కనిపించదు కూడా. దుమ్మును ఓర్చుకోవచ్చు. వేలిముద్రను మాత్రం అలా వదిలేయకూడదు. చర్మం నూనె, చెమటలోని ఆమ్లం, ఉప్పు ఎక్కువకాలం ఉంటే పూతను తినేస్తాయి. నిజానికి ముందు లెన్స్‌కన్నా కంటి దగ్గరి లెన్సులే ఎక్కువ పాడవుతాయి. కనురెప్పల జిడ్డు, కాటుక, నుదుటి నుంచి కారే కొబ్బరినూనె అన్నీ అక్కడికే చేరతాయి.

తుడవక తప్పనప్పుడు ముందు గాలి. పాత రిక్షా హారన్ బుడగలాంటి రబ్బరు బ్లోయర్ దొరుకుతుంది, లెన్స్‌ను నేలవైపు తిప్పి పట్టుకుని దానితో ఊదాలి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. తర్వాత మెత్తటి కుంచెతో తాకీ తాకనట్టు విదిలించాలి. ఆ కుంచెను వేలితో ముట్టుకోకూడదు, వేలి జిడ్డే లెన్స్‌కు వస్తుంది. గట్టి రేణువులు పోయాయని నమ్మకం కుదిరాకే తడి. నోరు తెరిచి ‘హా’ అని ఆవిరి పట్టించినా చాలు, అది దాదాపు స్వచ్ఛమైన నీరే. జిడ్డు మొండిదైతే లెన్స్ కోసం చేసిన ద్రవం ఒక చుక్క. ఆ చుక్క బట్ట మీద వేయాలి, అద్దం మీద వేస్తే అంచు సందుల్లోంచి లోపలికి దిగుతుంది. శుభ్రమైన మైక్రోఫైబర్ బట్టతో నడిమధ్య నుంచి అంచు వైపు గుండ్రంగా, బరువు వేయకుండా తుడవాలి. కిటికీ అద్దాలకు వాడే అమ్మోనియా ద్రవాలు వద్దు. మైక్రోఫైబర్ బట్టను మామూలు సబ్బుతో ఉతికి నీడన ఆరబెడితే సరి. సువాసన కోసం బట్టలకు పెట్టే ద్రవంలో ముంచితే ఆ జిడ్డంతా తర్వాత లెన్స్ మీద కనిపిస్తుంది.

గీతలతో బతకొచ్చు. నన్ను నిజంగా ఏడిపించింది అంతకుముందు నా దగ్గరున్న మరో బైనాక్యులర్. దాన్ని దాని తోలు సంచీలోనే పెట్టి, బీరువాలో బట్టల వెనక దాచి, రెండు వానాకాలాలు మరిచిపోయాను. తీసి దీపానికి ఎదురుగా పట్టి పెద్ద లెన్స్ వైపు నుంచి చూస్తే లోపల అంచు నుంచి మధ్యకు పాకుతూ తెల్లటి దారాలు, దారాలకు కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. మనం సాలెగూడునూ బూజే అంటాం, ఆవకాయ మీద తేలే తెల్లటి తెట్టునూ బూజే అంటాం. ఆ లెన్స్‌లో ఉన్నది రెండో రకం, చూపుకు మాత్రం అచ్చం మొదటి రకమే.

ఆ శిలీంధ్రం గాజును తిని బతకదు. దుమ్ములోని సేంద్రియ పదార్థం, నూనె తడి, తోలు సంచీ నుంచి రాలిన నలుసులు దానికి చాలు. బీజాలు ప్రతి ఇంటి గాలిలోనూ ఉంటాయి, వాటిని ఆపలేం. వాటికి కావలసింది తేమ. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే మొలకెత్తుతాయి. కోస్తాలో వానాకాలమంతా అదే పరిస్థితి. పెరిగేటప్పుడు అవి వదిలే ఆమ్లాలు పూతను, ఆ తర్వాత గాజునూ కొరికేస్తాయి. నా బైనాక్యులర్ విప్పిన మెకానిక్ బూజునైతే తుడిచేశాడు. దారాలు పాకిన జాడలు మాత్రం అద్దం మీద చెక్కినట్టు మిగిలిపోయాయి. ఎండకు ఎదురుగా చూస్తే బొమ్మంతా వెలవెలబోతుంది.

ఇప్పుడు నా బైనాక్యులర్ ఉండేది రబ్బరు అంచు ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో. లోపల తేమ పీల్చే సిలికా జెల్ గింజల సంచులు, చిన్న తేమమీటరు. తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. మరీ ఎండబెడితే లోపలి గ్రీజుకు మంచిది కాదు. నారింజ రంగు గింజలు ఆకుపచ్చకు తిరిగాయంటే అవి ఇంక తేమ పీల్చలేవని అర్థం. సుమారు 120 డిగ్రీల ఓవెన్‌లో వేడిచేస్తే మళ్లీ రంగు తిరుగుతాయి. బియ్యం డబ్బాలో పెట్టమని చాలామంది చెబుతారు. బియ్యం నుంచి రాలే పిండే బూజుకు భోజనం, ఆ పని చేయకండి.

మంచి రకాల్లో గొట్టం లోపల నైట్రోజన్ నింపి రబ్బరు రింగులతో మూసేస్తారు. లోపల తేమ ఉండదు కాబట్టి లోపలివైపు ఆవిరి పట్టదు, బూజూ లేవదు. వేట చట్టబద్ధమైన దేశాల్లో తుపాకీ మీద బిగించే స్కోప్ కూడా ఇలాంటిదే. అక్కడ అదనపు బెడద, తుపాకీ గొట్టం కడిగే ద్రావకాలూ నూనెలూ లెన్స్ మీద చిందడం. అందుకే తుపాకీ శుభ్రం చేసేముందు స్కోప్ మూతలు పెట్టేస్తారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తోంది కాబట్టి మన అడవుల్లో, చెరువు గట్ల మీద ఇప్పుడు లెన్సులు చూడటానికే.

ఉప్పు గాలిలో తిరిగి వచ్చిన రోజు మాత్రం నేను బద్ధకించను. నీళ్లు చొరబడని రకమే కాబట్టి మంచినీళ్లు సన్నగా పోసి పైనున్న ఉప్పంతా కడిగేస్తాను. ఉప్పు ఎండితే అదీ స్ఫటికమే, రుద్దితే గీస్తుంది. తర్వాత నీళ్లు దులిపి, మూతలు తీసి, ఫ్యాన్ కింద పాత తువాలు మీద పడుకోబెడతాను. పొద్దున్నే పూర్తిగా ఆరిందని చూసుకున్నాకే డబ్బాలోకి వెళ్తుంది.