డబ్బాలో పడాల్సింది ఉమ్మి కాదు: టీబీ నిర్ధారణ చుట్టూ అపోహలు - వాస్తవాలు

మా ఓపీలో రోజుకొక్కసారైనా జరిగేదే ఇది. దగ్గుతో వచ్చినాయన చేతికి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తాం. పది నిమిషాల్లో అది తిరిగి వస్తుంది. మూత తీసి చూస్తే లోపల తేటగా నీళ్లు, పైన నురగ. నోట్లో ఊరిన ఉమ్మి. దాన్నే ల్యాబ్‌కి పంపితే నెగెటివ్ అని వస్తుంది. "టీబీ లేదన్నారు" అని ఆయన నిశ్చింతగా ఇంటికి పోతాడు. మూడు నెలలకు సగం మనిషై, భార్య భుజం పట్టుకుని మళ్లీ వస్తాడు.

రాయలసీమలో ఓ పెద్దాసుపత్రి ఛాతీ విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. మొదట్లో ఆ నురగ చూసి రోగుల మీద విసుక్కునేవాణ్ని. ఆ డబ్బాలో ఏం పడాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదని, ఆ ఎవరూలో నేనూ ఉన్నానని తట్టడానికి చాలా కాలం పట్టింది.

అపోహ: తెమడ ఇవ్వడానికి ఏముంది, ఉమ్మితే చాలు

తెమడ, గళ్ల, కళ్లె... ఊరికో పేరు. ఏ పేరైనా, అది ఊపిరితిత్తుల లోపలి నుంచి దగ్గితే వచ్చే చిక్కటి పదార్థం. టీబీ క్రిమి ఉండేది అందులో. మైక్రోస్కోపు కింద క్రిమి కనబడాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో కనీసం 5,000 నుంచి 10,000 క్రిములుండాలి. తెమడలో క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ మిషన్ దానికంటే ఎంతో నయం, మిల్లీలీటరుకు సుమారు 130 క్రిములే ఉన్నా పట్టేస్తుంది. రెండు గంటల్లోపే, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెప్పేస్తుంది. అయినా మిషన్ ఎంత ఖరీదైనదైతే ఏం, డబ్బాలో లేని క్రిమిని ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పరిశోధన పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగింది. 2007లో అచ్చయింది. అక్కడి టీబీ కేంద్రంలో ఆడవాళ్లకు పాజిటివ్ రావడం మగవాళ్లకంటే తక్కువగా ఉండేది. జబ్బే తక్కువా, లేక తెమడ సరిగ్గా ఇవ్వలేకపోతున్నారా అని పరిశోధకులకు అనుమానం వచ్చింది. మూడు వేల మందికి పైగా రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడగొట్టారు. ఒక గుంపుకు మామూలుగా డబ్బా ఇచ్చారు. రెండో గుంపుకు, తెమడ ఎలా తీయాలో కాసేపు చెప్పి ఇచ్చారు. అంతే తేడా. చెప్పించుకోని ఆడవాళ్లలో 8 శాతం మందికి పాజిటివ్ వస్తే, చెప్పించుకున్నవాళ్లలో 13 శాతానికి వచ్చింది. మగవాళ్లలో మాత్రం పెద్ద తేడా లేదు. కొత్త మిషన్ లేదు, కొత్త మందు లేదు. నాలుగు మాటలు చెప్పినందుకే అంతకుముందు చేజారిపోతున్న జబ్బు దొరికింది.

ఆడవాళ్లకే ఎందుకు అని అడిగితే, మా దగ్గరికొచ్చిన ఓ ముసలమ్మ మాట గుర్తొస్తుంది. "ఇంతమంది చూస్తాంటే కాండ్రించి ఎట్ల ఉమ్మేది సామీ?" నలుగురిలో గట్టిగా దగ్గడం మర్యాద కాదని చిన్నప్పటి నుంచీ నేర్పిన మనుషులకు, కిటకిటలాడే వరండాలో డబ్బా ఇస్తే ఏమొస్తుంది? నురగే వస్తుంది. ఇప్పుడు మేం ఆసుపత్రి వెనక వేపచెట్టు కిందికి పంపిస్తున్నాం. గాలి ఆడుతుంది కాబట్టి పక్కవాళ్లకూ క్షేమం, ఎవరూ చూడరు కాబట్టి ఆమెకూ సుఖం.

పద్ధతి ఇది. ముందు మామూలు నీళ్లతో నోరు పుక్కిలించాలి. నిండుగా గాలి పీల్చి కాసేపు బిగబట్టి వదలాలి. అలా రెండుసార్లు. మూడోసారి పీల్చి, పొట్ట లోపలి నుంచి గట్టిగా దగ్గాలి. వచ్చింది చిక్కగా ఉండాలి, అర టీస్పూను నుంచి ఒక టీస్పూను దాకా చాలు. మామూలుగా రెండు నమూనాలు అడుగుతాం. అందులో ఒకటి పొద్దున లేవగానే తీసినదైతే మంచిది, రాత్రంతా పేరుకున్నది అప్పుడే బయటికొస్తుంది.

అపోహ: రక్తం తీస్తేనే అసలు పరీక్ష

మనవాళ్లకు రక్తపరీక్ష మీద ఉన్న గురి తెమడ మీద లేదు. సూది గుచ్చితే పెద్ద పరీక్ష, డబ్బాలో ఉమ్మేది చిన్న పరీక్ష. ఈ నమ్మకం మీద ఏళ్ల తరబడి పెద్ద వ్యాపారమే నడిచింది. రక్తంలో టీబీ యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునేవి) చూసే కిట్లు మన దేశంలో విచ్చలవిడిగా అమ్ముడుపోయాయి. వాటి మీద జరిగిన అధ్యయనాలన్నీ ముందేసుకుని చూస్తే, లేని జబ్బును ఉందనడం, ఉన్నదాన్ని లేదనడం రెండూ ఎక్కువే. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడొద్దని తేల్చి చెప్పింది. 2012 జూన్‌లో మన ప్రభుత్వం ఆ కిట్లను నిషేధించింది.

చర్మం మీద చేసే మాంటూ పరీక్ష, ఇగ్రా అనే రక్తపరీక్ష వేరు. అవి పనికిరానివి కావు, కానీ అవి చెప్పేది ఒంట్లోకి క్రిమి చేరిందా లేదా అన్నంతవరకే. అది నిద్రపోతోందా, లేచి జబ్బు చేస్తోందా అన్నది చెప్పవు. 2019-21లో మన దేశంలో జరిగిన జాతీయ టీబీ సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 31 శాతం మందిలో క్రిమి చేరిన ఆనవాళ్లు కనిపించాయి. అలా చేరినవాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతమే. ఇగ్రా పాజిటివ్ కాగితం పట్టుకుని ఏడుస్తూ వచ్చేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. హెచ్‌ఐవీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో టీబీ రోగి ఉన్న చిన్నపిల్లలు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అపోహ: దగ్గు లేదంటే టీబీ లేనట్టే, ఎక్స్‌రేలో మచ్చ ఉందంటే టీబీయే

రెండూ తప్పే. అదే సర్వేలో బయటపడ్డ టీబీ కేసుల్లో 42.6 శాతం, ఎక్స్‌రే తీయకపోయి ఉంటే చేజారిపోయేవి. లక్షణాల గురించి అడిగితే వాళ్లు చెప్పడానికి ఏమీ లేదు మరి.

అలాగని మచ్చ చూసి టీబీ మందులు రాసేయడం ఇంకా ప్రమాదం. మచ్చ పాత గాయం తాలూకు గుర్తు కావచ్చు, న్యుమోనియా కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. నా దగ్గరికొచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో చాలామంది అప్పటికే ఎక్కడో ఓ చోట టీబీ మందులు మింగి వచ్చినవాళ్లే. వాళ్ల పాత ఫైళ్లు తిరగేస్తే తెమడ రిపోర్టు ఉండదు. ఎక్స్‌రే అనుమానం పుట్టిస్తుంది, తేల్చేది తెమడ. అక్కడా తేలకపోతే సీటీ, బ్రాంకోస్కోపీ (సన్నటి గొట్టంతో ఊపిరితిత్తుల లోపలికి చూసే పరీక్ష), అవసరమైతే ముక్క తీసి పరీక్ష. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయంతో ఇక్కడ ఆగిపోయే కుటుంబాలున్నాయి. పాకేది పరీక్ష వల్ల కాదు, ఆలస్యం వల్ల.

అపోహ: పేషెంట్‌కి చెప్పకపోతేనే మంచిది

కొడుకో అల్లుడో గదిలోకి వెనకగా వచ్చి తలుపు దగ్గరగా వేస్తాడు. "సార్, నాన్నకు టీబీ అని చెప్పకండి. టెన్షన్ పెట్టుకుంటాడు. నెమ్ము అని చెప్పండి." మన డాక్టర్లకూ ఆ మాట భలే అక్కరకొచ్చింది. నెమ్ము అంటే చెమ్మ. న్యుమోనియా అయినా నెమ్మే, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినా నెమ్మే, టీబీ అయినా నెమ్మే. వినేవాడికి భయం ఉండదు, చెప్పేవాడికి ఇబ్బంది ఉండదు.

ఇబ్బంది నెల తర్వాత మొదలవుతుంది. నెమ్ముకు ఎవరైనా ఆరు నెలలు మందులు మింగుతారా? మూడు వారాల్లో దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, "నెమ్ము ఆరిపోయింది" అని ఆయన మాత్రలు అటక మీద పెట్టేస్తాడు. తప్పు ఆయనది కాదు, ఆయనకు చెప్పిన జబ్బు నిజంగానే తగ్గిపోయింది! చెప్పని జబ్బు లోపల మిగిలిపోయింది. అలా మధ్యలో ఆపి మళ్లీ వచ్చినవాళ్లలో కొందరికి మందులకు లొంగని రకం తేలుతుంది.

ఇప్పుడు నేను కొడుకుతో ఒప్పందం చేసుకుంటాను. "మీ నాన్నకు ఎంతవరకు తెలుసుకోవాలనుందో ఆయన్నే అడుగుదాం. మీరు పక్కనే కూర్చోండి." ఇంతవరకూ ఒక్క పెద్దాయన కూడా నాకేం తెలుసుకోవాలని లేదు అనలేదు. ఎక్కువమంది అనేది ఒకటే: "నాకు ముందే అనుమానంగా ఉండె."

అపోహ: కంచం, గ్లాసు వేరు పెట్టాలి, మనిషిని దూరం పంపాలి

టీబీ గాలి ద్వారా వస్తుంది. కంచం ద్వారా రాదు. మనిషిని దూరం పంపడం మాత్రం ఒకప్పుడు వైద్యంలో భాగమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం (టీబీ రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రి) 1915లో మొదలైంది. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతకుమించి చేయగలిగింది లేదప్పట్లో. మందులొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. 1956లో మద్రాసులో దాన్నే పరీక్షకు పెట్టారు. కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరికి వాళ్ల ఇరుకు ఇళ్లలోనే, అవే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలొచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. మందులు సరిగ్గా మొదలైతే ఒకరి నుంచి ఒకరికి అంటే గుణం త్వరగా పడిపోతుంది. ఈ రోజు ప్రపంచమంతా టీబీ రోగి ఇంట్లోనే ఉండి మందులు తీసుకుంటున్నాడంటే దాని మూలం మన పక్కూళ్లోనే ఉంది.

తిండి మాత్రం తీసిపారేసేది కాదు. 2019-22 మధ్య జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అధ్యయనంలో, రోగి ఇంట్లో ఉండే పెద్దవాళ్లు ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు (చిన్నపిల్లలకు అందులో సగం), విటమిన్ మాత్రలు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కాబట్టి కంచం వేరు చేయడం కాదు, ఇంట్లో అందరి కంచాల్లోకీ పప్పు పడాలి. రోగి ఖాతాలో పోషణకు నెలకు 1,000 రూపాయలు పడతాయి (2024 నవంబరు దాకా 500 ఉండేది). నమోదు చేయించుకోవడం మర్చిపోకండి.

అపోహ: పరిశోధన అంటే మనమీద ప్రయోగం

దీన్ని అపోహ అని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. ఖమ్మం జిల్లాలో 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మీద జరిగిన అధ్యయనం మన జనానికి గుర్తుంది. కొందరు అమ్మాయిల మరణాల తర్వాత 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణంగా కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లదని తేలింది. అంటే ఆ పిల్లల తల్లిదండ్రులకు అడగాల్సిన మాట అడగనే లేదు.

అందుకే మా దగ్గర ఏదైనా అధ్యయనంలో చేరమంటే తొందరపడి వేలిముద్ర వేయొద్దని నేనే చెబుతాను. చదువు రానివాళ్లకు పత్రం చదివి వినిపించేటప్పుడు అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఉండాలి. వద్దంటే మామూలు వైద్యం ఆగకూడదు. మధ్యలో మానుకునే హక్కు ఉంటుంది. విన్నాక ఒక చిన్న పని చేయించుకుంటాం: "ఇంటికెళ్లి మీ ఆవిడకు ఏమని చెబుతారు?" అని అడుగుతాం. ఆయన చెప్పలేకపోతే ఆయనకు అర్థం కానట్టు కాదు, మేం చెప్పలేనట్టు. మళ్లీ మొదటి నుంచి.

చివరగా, ఫోన్లలో ఎక్కువగా అడిగేవి

మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే అది రక్తం కాదు, రిఫాంపిసిన్ రంగు. భయపడి మానేయొద్దు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం వెంటనే రావాలి. టీబీ ఊపిరితిత్తులకే రాదు, మెడ దగ్గర గడ్డలుగా, వెన్నెముకకు, మెదడుకు కూడా వస్తుంది. అలాంటప్పుడు తెమడ బదులు ఆ చోటు నుంచే నమూనా తీయాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్షా, మందులూ ఉచితం.

మందులు మొదలెట్టిన రెండు నెలలకు మళ్లీ డబ్బా ఇస్తాం. అప్పటికి దగ్గు తగ్గి ఉంటుంది, తెమడ రాకపోవచ్చు. రాకపోతే "రాలేదు సార్" అని ఖాళీ డబ్బానే ఇవ్వండి. ఉమ్మి మాత్రం పోసివ్వొద్దు.