రాయల కాలపు ప్రేమకథకు ఏ కాలపు పాట? ‘మల్లీశ్వరి’ వెనకున్న చరిత్ర

పాతకాలపు ప్రేమకథ ఏది తెరకెక్కినా ఒక తగువు తప్పకుండా లేస్తుంది. ఆ రోజుల్లో ఈ వాయిద్యం ఉందా, ఈ రాగం పాడేవాళ్లా, ఈ మాట వాడుకలో ఉందా అని. అడగవలసిన ప్రశ్నే. కానీ జవాబు చెప్పేవాళ్లు చాలామంది వాయిద్యాల దగ్గరే ఆగిపోతారు. సంగతి అంతకంటే లోతైనదని తెలియాలంటే 1951 డిసెంబరు 20న విడుదలైన ‘మల్లీశ్వరి’ని దగ్గర పెట్టుకుని వినాలి.

వాహినీ వారి సినిమా, దర్శకుడు బి.ఎన్.రెడ్డి. కథాకాలం శ్రీకృష్ణదేవరాయలు ఏలిన 1509–1529 మధ్యది. శిల్పి నాగరాజు, అతని మరదలు మల్లి, ఆమెను రాణివాసానికి తీసుకుపోయే పల్లకి, స్థూలంగా ఇదీ కథ. మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రి రాశారు, ఆయనకు ఇదే తొలి సినిమా. సంగీతం సాలూరి రాజేశ్వరరావుది, వాద్యబృందం కూర్పు అద్దేపల్లి రామారావుది. భానుమతి తన పాటలు తానే పాడుకున్నారు. నాగరాజు వేషం వేసిన ఎన్.టి.రామారావుకు ఘంటసాల పాడారు.

ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. రాయల కాలపు పాట అచ్చంగా ఎలా వినిపించేదో చెప్పే ఆధారం ఎంత? నిజానికి చాలా తక్కువ. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద ఉన్నాయి, ప్రతి సంకీర్తన నెత్తినా రాగం పేరు ఉంది. స్వరలిపి మాత్రం లేదు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ అనే సంగీత శాస్త్ర గ్రంథం రాసింది 1550లో, అంటే రాయలు పోయిన రెండు దశాబ్దాలకు. అందులో మేళాల (రాగాలను స్వరాలను బట్టి చేర్చిన వర్గాల) లెక్కా, వీణ మెట్ల లెక్కా దొరుకుతాయి కానీ ఒక పాట ఎలా నడిచేదో దొరకదు. కాబట్టి సంగీత దర్శకుడు ఎంత నిష్ఠగా వెతికినా చేతికొచ్చేవి రాగాల పేర్లే. ఆ పేర్ల కింద ఉన్న స్వరూపాలు కూడా తర్వాత మారిపోయాయి. ఆ రోజుల్లో శుద్ధ మేళంగా లెక్కించిన ముఖారి, ఇప్పుడు కచేరీలో వినే ముఖారి ఒకటి కావు.

ఈ లెక్కన చూస్తే ‘మల్లీశ్వరి’ పరీక్షలో తప్పినట్టే. ‘మనసున మల్లెల మాలలూగెనే’ పాట కల్యాణి రాగం. పదిహేడో శతాబ్దంలో సంగీత శాస్త్రకారుడు వేంకటమఖి తన ‘చతుర్దండి ప్రకాశిక’లో కల్యాణి గురించి ఏమన్నాడో చూడండి: గీతానికీ ప్రబంధానికీ తగదు, తురుష్కులకు మాత్రం ఎంతో ఇష్టం. రాయలు పోయిన వందేళ్ల తర్వాత కూడా శాస్త్రకారుడు వాకిట్లోనే నిలబెట్టిన రాగం అది. ‘పిలిచిన బిగువటరా’ జావళి అనే తేలికపాటి శృంగార గీతం ఛాయలో నడుస్తుంది, జావళి మనకు తెలిసిన రూపంలో పందొమ్మిదో శతాబ్దపు సరుకు. వాయిద్యాల సంగతీ అంతే. ఫిడేలు కర్ణాటక సంగీతంలోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, బాలుస్వామి దీక్షితుల చేతుల మీదుగా. ఇరవై నాలుగు స్థిరమైన మెట్ల వీణ తంజావూరు రఘునాథ నాయకుడి కాలానిది. తబలా అయితే ఉత్తరాదిలోనే పద్దెనిమిదో శతాబ్దానిది.

ఒక్కచోట మాత్రం చరిత్రకూ సినిమాకూ చక్కగా కుదిరింది. అది ఉషాపరిణయం యక్షగానం. 1502 నాటి ఘట్టాన్ని చెప్పే మాచుపల్లి కైఫీయత్తులో (ఊరి చరిత్ర రాసిన పాత దస్తావేజులో) కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువు ముందు ఆడి చూపించిన సంగతి ఉంది. దొరికిన వాటిలో పాతదిగా చెప్పుకునే కందుకూరి రుద్రకవి ‘సుగ్రీవ విజయము’ కూడా ఆ శతాబ్దానిదే. ఆస్థానంలో యక్షగానం ఆడించడం బి.ఎన్.రెడ్డి అలంకారం కోసం చేసిన పని కాదు.

మరి మిగతా పాటలు వింటుంటే విజయనగరం కళ్లకు కట్టడం ఎందుకు? నా లెక్కలో కారణాలు మూడు, మూడూ రాగాలకు బయటివే.

మొదటిది మాట. ‘మనసున మల్లెల’ చరణం చూడండి. కొమ్మల్లో గువ్వలు గుసగుసమంటాయి, రెమ్మల్లో గాలి ఉసురుసురంటుంది, కొలనులో అలలు గలగలమంటాయి. దూరాన్ని ‘దవ్వు’ అంటుంది మల్లి, చప్పుడును ‘సవ్వడి’ అంటుంది. ఏ ఒక్కటీ నిఘంటువు తిరగేయవలసిన మాట కాదు, అయినా ఏ ఒక్కటీ 1951 నాటి మద్రాసు వీధిలో వినిపించే మాటా కాదు. కాలాన్ని మోస్తున్నది ఆ నడిమి భాషే. గ్రాంథికం దట్టిస్తే పాట పద్యమైపోతుంది, వాడుక మాట మరీ ఎక్కువైతే రాయలు పక్క వీధి పెద్దమనిషి అయిపోతాడు.

రెండోది పాట చేసే పని. ‘పరుగులు తీయాలి’ బండి పాట, వాన ముంచుకొస్తోంది, గిత్తలు పరుగెత్తాలి, తాళం ఆ గిట్టల నడకే. ‘కోతీబావకు పెళ్ళంట’ ఊళ్లో పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకునే పాట. ‘ఆకాశవీధిలో’ మేఘసందేశం: మల్లి తన చోట నిలబడి బావ జాడ అడుగుతుంది, గొంతు మారేసరికి చోటూ మారిపోయి నాగరాజు అదే మబ్బును మల్లి మాటేదైనా చెప్పి పొమ్మంటాడు. కాళిదాసు నాటి ఊహను రెండు వైపుల నుంచీ పాడించారు. ఈ పాటలన్నీ రైలు, రేడియో లేని కాలంలో మనుషులకు పాట ఎందుకు కావలసి వచ్చిందో ఆ అవసరంలోంచి పుట్టాయి. వాయిద్యం ఏ శతాబ్దానిదో అడగాలన్న ధ్యాస మనకు రాకపోవడానికి ఇదే అసలు కారణం.

మూడోది పొదుపు. దీనికి అభిరుచి ఎంత కారణమో యంత్రం కూడా అంతే కారణం. అప్పటి స్టూడియోలో గాయకులూ వాద్యగాళ్లూ ఒకే గదిలో, ఒకే విడతలో పాడి వాయించాలి. నాలుగో నిమిషంలో తబలా తప్పితే పాట మళ్లీ మొదటి నుంచి. ఏ వాయిద్యం ఎంత వినిపించాలన్నది మైకుకు ఎంత దూరంలో కూర్చోబెట్టారన్న దాని మీద ఉండేది, తర్వాత దిద్దుకునే వీలు లేదు. థియేటర్లో ఒకే ధ్వనిమార్గం, అందులోనూ 8,000 హెర్ట్జ్ దాటిన శబ్దం దాదాపు చేరేదే కాదు. తాళాల మెరుపూ గజ్జెల చివరి గలగలా పోతాయి, మిగిలేది గొంతూ, అక్షరాల పొందికా. అందుకే గొంతు పాడుతున్నప్పుడు వెనక వాయిద్యాలను పోగేయరు. పైగా పది అంగుళాల 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. అంతకు మించిన పాటను రెండో వైపుకు తిప్పాలి, లేదా కత్తిరించాలి. సినిమాలోని పాటకూ రికార్డు పాటకూ తేడాలుంటే కంగారు పడక్కర్లేదు.

హిందీలోనూ ఇదే కథ. ‘మొఘల్-ఎ-ఆజం’ (1960)లో తాన్‌సేన్ గొంతుగా సంగీత దర్శకుడు నౌషాద్ పాడించింది బడే గులాం అలీ ఖాన్ చేత. తాన్‌సేన్ ఉన్న అక్బరు ఆస్థానంలో ధ్రుపదం అనే పాత గాన పద్ధతి నడిచేది, ఖాన్ సాహెబ్ పటియాలా ఘరానా (సంప్రదాయం)లో ఖయాల్, ఠుమ్రీ అనే తర్వాతి పద్ధతుల మనిషి. అయినా ఆ సోహ్నీ రాగం వినిపిస్తుంటే అభ్యంతరం గొంతు దాటి రాదు. ‘ఉమ్రావ్ జాన్’ (1981)కు సంగీత దర్శకుడు ఖయ్యాం చేసింది ఇంకా చిన్న పని: ఆశా భోస్లేను ఆమె అలవాటు శ్రుతి కంటే కిందికి దించి పాడించడం. పందొమ్మిదో శతాబ్దపు లక్నో కోఠా (వేశ్యల పాటల మేడ) ఆ బరువు గొంతులో దొరికింది.

ఇప్పటి చారిత్రక చిత్రాల్లో పాట ఎక్కడ బెసుకుతోందో చూస్తే ఎక్కువసార్లు రెండు చోట్ల. మొదటిది శ్రుతి దిద్దుబాటు. కల్యాణిలో ప్రతిమధ్యమాన్ని (పై ‘మ’ స్వరాన్ని) సాదాగా నిలపరు, అది పంచమం (‘ప’) వైపు ఊగుతూ ఉంటుంది, ఆ ఊపునే గమకం అంటారు. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్‌ను వేగంగా పెడితే ఆ ఊపును దగ్గరున్న స్వరస్థానానికి గుంజి మెట్లుగా నరికేస్తుంది, గమకం చచ్చిపోతుంది. దిద్దే వేగం బాగా తగ్గించాలి, లేదా ఆ స్వరాల మీద దిద్దుబాటు పూర్తిగా ఎత్తేయాలి. రెండోది కీబోర్డు పరుపు, అంటే పాట కింద ఆగకుండా మోగే కీబోర్డు స్వరాలు. గొంతు మధ్యమం మీద ఊగుతుంటే కింద కార్డు (chord, ఒకేసారి మోగే స్వరాల గుంపు) అదే మధ్యమాన్ని కదలకుండా పట్టుకుని ఉంటే రెండూ ఢీకొంటాయి. అక్కడ షడ్జ పంచమాలు (స, ప) మాత్రం ఉంచి మిగతావి తీసేస్తే సరిపోతుంది. మండపంలో పాడే పాటకు ప్రతిధ్వని ఎక్కువ పెట్టి, దాన్నే బండి పాటకూ తగిలించడం ఇంకో తప్పు. ఆరుబయట గోడలుండవు.

పాత పాట నేర్చుకునేవాళ్లకు ఒక మాట. థియేటర్ ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. మన దూరదర్శన్, వీసీడీల పాల్ (PAL) అనే వీడియో పద్ధతిలో 25. పాత బదిలీల్లో చాలా వాటిలో సినిమాను ఆ వేగానికే పరుగెత్తించారు. మూడు నిమిషాల పాట 2 నిమిషాల 53 సెకన్లలో ముగుస్తుంది, శ్రుతి సుమారు 4 శాతం పైకెక్కుతుంది, అంటే పక్క స్వరస్థానానికి ఉన్న దూరంలో పదింట ఏడు వంతులు. అయిదు శ్రుతిలో పాడిన పాట అయిదుకూ అయిదున్నరకూ నడుమ వేలాడుతుంది, శ్రుతిపెట్టె దేనికీ కలవదు, గొంతులు కూడా కాస్త పలచబడతాయి. వీడియో నిడివి అసలు సినిమా నిడివిలో 96 శాతమే ఉంటే జరిగింది ఇదేనని అర్థం. ప్లేయర్‌లో వేగం 0.96కు తగ్గించండి. శ్రుతిని మారకుండా కాపాడే సదుపాయం ఉంటే దాన్ని ఆపేశాకే తగ్గించాలి, లేకపోతే పాట నెమ్మదిస్తుంది గానీ శ్రుతి పైనే ఉండిపోతుంది.