పెన్సిల్వేనియా అసెంబ్లీలో క్వేకర్లు: అపోహలు - వాస్తవాలు

వలసపాలన నాటి అమెరికా చరిత్ర పాఠం చెప్పేటప్పుడు నాకు తరచూ ఎదురయ్యే మాట, యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ క్వేకర్ల ఆధిపత్యంలో ఉన్న పెన్సిల్వేనియా అసెంబ్లీలో గొడవంతా మతం గురించేనని. అది సగమే నిజం. మిగతా సగం సీట్ల పట్టికలో, పన్నుల లెక్కల్లో ఉంది.

అపోహ: క్వేకర్లకు చట్టమే సీట్లు కేటాయించింది.

వాస్తవం: అలాంటి కేటాయింపు ఏదీ లేదు. 1701 నాటి హక్కుల పత్రం ప్రకారం క్రీస్తును విశ్వసించేవారు ఏ శాఖవారైనా పదవికి అర్హులే. తర్వాత వచ్చిన ప్రమాణ నిబంధన క్యాథలిక్కులకు మాత్రం దారి మూసేసింది. 18వ శతాబ్దం మధ్యకల్లా జనాభాలో మైనారిటీగా మారినా క్వేకర్లు నెగ్గుకొచ్చారంటే, జర్మన్ వలసదారుల ఓట్లు ఒక కారణం. నా దృష్టిలో అంతకన్నా పెద్ద కారణం సీట్ల పంపకం. మొత్తం 36 సీట్లలో 26 ఫిలడెల్ఫియా, బక్స్, చెస్టర్ కౌంటీలకు, ఫిలడెల్ఫియా నగరానికే దక్కాయి. లాంకాస్టర్, యార్క్, కంబర్లాండ్, బెర్క్స్, నార్తాంప్టన్ ఐదింటికీ కలిపి 10. బెర్క్స్‌కైతే ఒక్కటే! మరో క్రైస్తవ శాఖవారైన ప్రెస్బిటేరియన్లు ఎక్కువగా స్థిరపడింది ఈ సరిహద్దు కౌంటీల్లోనే.

1764 ఫిబ్రవరిలో సరిహద్దు వలసవాసుల సాయుధ గుంపైన పాక్స్టన్ దండు తరఫున ఇచ్చిన వినతిపత్రంలో మొదటి ఫిర్యాదు ఇదే. అంతకుముందు డిసెంబరులో ఆ దండు 20 మంది కోనెస్టోగా ఆదివాసులను, పిల్లలని కూడా చూడకుండా, చంపింది. ఏ ఫిర్యాదూ ఆ హత్యలను కడగలేదు. అయితే హంతకులు చూపినంత మాత్రాన సీట్ల లెక్క అబద్ధమైపోదు. పాఠం చెప్పేటప్పుడు ఈ రెంటినీ కలిపే చెప్పాలని నేను పట్టుబడతాను.

అపోహ: అహింస పేరు చెప్పి అసెంబ్లీ రక్షణకు పైసా విదల్చలేదు.

వాస్తవం: యుద్ధం మాట ఎత్తకుండా "రాజుగారి వినియోగానికి" అని రాసి డబ్బు మంజూరు చేసిన సందర్భాలున్నాయి. 1755లో అసలు పేచీ వలసకు యజమానులైన పెన్ కుటుంబ భూములపై పన్ను దగ్గర వచ్చింది. గవర్నర్ మోరిస్ ఆ పన్నుకు ఒప్పుకోలేదు. చివరికి ఆ కుటుంబం 5,000 పౌండ్లు విరాళంగా ఇస్తామన్నాక, వారి భూములను మినహాయించి నవంబరులో 60,000 పౌండ్ల బిల్లు ఆమోదించారు.

అపోహ: 1756 రాజీనామాలతో క్వేకర్ పార్టీ ముగిసింది.

వాస్తవం: డెలావేర్ ఆదివాసులపై యుద్ధం ప్రకటించాక తప్పుకున్నది ఆరుగురు క్వేకర్ సభ్యులే. స్పీకర్ ఐజాక్ నోరిస్ క్వేకరై ఉండీ పదవిలో కొనసాగారు. పార్టీని నడిపించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అసలు క్వేకరే కాదు.

సరిహద్దు కౌంటీలకు, ఫిలడెల్ఫియా నగరానికి కలిపి 17 సీట్లు పెంచింది 1776 మార్చిలో. ఆ సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం వచ్చి, ఆ అసెంబ్లీయే లేకుండా పోయింది.