"రిపోర్టు బాగొచ్చీసింది కదండి, ఇంకా ఈ మాత్రలెందుకు?"

లివర్ మార్పిడి అయి ఏడాది తిరిగేసరికి చాలా ఇళ్లలో పుట్టే ప్రశ్న ఇది. రిపోర్టు బాగుండటానికి కారణమే ఆ మాత్రలు. కొత్త లివర్ ఎన్నేళ్లయినా ఒంటికి పరాయిదే. ఒంటి రోగనిరోధక శక్తిని అణచి ఉంచే మాత్ర టాక్రోలిమస్. అది ఆపేస్తే ఒంటి కాపలా లేచి కొత్త లివర్ మీద పడుతుంది. మొదట్లో నొప్పీ ఉండదు, కామెర్లూ కనబడవు, రక్తంలో లివర్ ఎంజైములు మాత్రం పెరుగుతాయి. కళ్లు పచ్చబడ్డాక వస్తే ఆలస్యమే. ఖర్చు భరించలేక రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లని తప్పుపట్టలేం. కాకపోతే ఆ సంగతి దాచకండి. డోసు తగ్గించే వీలుందేమో డాక్టరు చూస్తారు.

మందు మానని వాళ్లూ పొరపాటు పడే చోటు, రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష. పలాసలో రైలెక్కే ముందు మాత్ర మింగేసి, విశాఖలో పదింటికి రక్తం ఇస్తారు. అప్పుడే మింగిన మందు వల్ల లెవెల్ ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి డోసు తగ్గిస్తే రిజెక్షన్‌కి, అంటే ఒళ్లు కొత్త లివర్‌ని తిప్పికొట్టడానికి, దారి పడుతుంది. రాత్రి డోసు పడ్డ 12 గంటలకి, పొద్దుటి డోసుకి ముందు రక్తం ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున్న 9కి. మాత్ర జేబులో పెట్టుకెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోండి. శ్రీకాకుళంలోనే శాంపిల్ ఇస్తే ఊదారంగు మూత ట్యూబులో తీయాలి, రాత్రి డోసు టైము చీటీ మీద రాయించండి. ఒక డోసు మర్చిపోయారని రెండు కలిపి వేసుకోవద్దు. విరేచనాలు పట్టుకుంటే లెవెల్ పెరుగుతుంది, వెంటనే ఫోన్ చేయండి.

"పండే కదా, ఏం చేస్తుంది?" చవితికి ఉద్దానం పంపర పనస ఇంటికి రాక మానదు. పేషెంటు మాత్రం ఒక్క తొన కూడా తినకూడదు. టాక్రోలిమస్‌ని విరగ్గొట్టే ఎంజైముని అది అడ్డుకుంటుంది. మందు ఒంట్లో పేరుకుని చేతులు వణుకుతాయి, కిడ్నీకి దెబ్బ.

"పారాసిటమాల్ లివర్‌కి విషం, నొప్పి ఇంజక్షనైతే ఫర్వాలేదు." సరిగ్గా తలకిందులు! టాక్రోలిమస్ ఎలాగూ కిడ్నీ రక్తనాళాల్ని బిగిస్తుంది, దాని మీద డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజక్షన్ పొడిస్తే కిడ్నీ కూలబడుతుంది. అసలే మన ఉద్దానం కిడ్నీ జబ్బుల నేల. ఆర్ఎంపీ దగ్గర కూర్చోగానే మార్పిడి సంగతి చెప్పండి. డాక్టరు ఒప్పుకుంటే పారాసిటమాల్ 500 మాత్ర, రోజుకి నాలుగు దాటకుండా. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మాత్రం మాత్రతో అణచిపెట్టకుండా ముందు ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

తిప్పతీగ కషాయం రోగనిరోధక శక్తి పెంచుతుందట. మనం అణచి ఉంచుతున్నది దాన్నే కదా! వద్దు.

ఇక ఆపరేషన్ అయిన కొత్తలో మంచం మీంచి నిటారుగా లేవొద్దు. పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, మోచేతి మీద బరువేసి లేవాలి. దగ్గొస్తే కుట్టు మీద దిండు అదిమి పట్టుకోండి. నిద్ర పట్టకపోతే స్టెరాయిడ్ మాత్ర సాయంత్రం పడుతోందేమో చూడండి, అది పొద్దున్న టిఫిన్‌తో వేసుకునేది. నడక మొదటి వారం నుంచే. మూడు నెలలు 5 కిలోలకి మించి ఎత్తొద్దు. 15 లీటర్లు పట్టే నీళ్ల బిందె ఒక్కటే 15 కిలోలు, ఆ పని ఇంట్లో ఇంకొకరిది.