అశ్వత్థామ చేతిలో గడ్డిపోచ

ఆత్మకూరు

చిరంజీవులైన మా పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

పండక్కి వచ్చినప్పుడు మీరంతా కలిసి చేజర్ల మండలం పెరుమాళ్లపాడు వెళ్లి, పెన్న ఇసుకలో ఉన్న నాగేశ్వరస్వామి గుడి చూసొచ్చారు కదా. 2020లో ఇసుక తవ్వుతుంటే బయటపడిన గుడి అది. 'కల్కి 2898 ఏడీ' సినిమాలో కనిపించాక దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మీరు కూడా సినిమా గుర్తుపెట్టుకునే వెళ్లారు, అందుకే వచ్చే దారిలోనే వాదన మొదలైంది. ఆ సినిమా సైన్సును విలన్ చేసి దేవుణ్ణి గెలిపించిందని పెద్దోడు అన్నాడు. కాదు, సైన్సంతా మన పురాణాల్లోనే ఉందని చూపించిందని చెల్లెలు అంది. దేవుణ్ణి పెడితే టికెట్లు తెగుతాయి, అంతకుమించి అందులో ఏమీ లేదని చిన్నోడు ఇద్దరి మాటా కొట్టేశాడు. అన్నం దగ్గర కూడా మీ ముగ్గురూ ఆపలేదు. నేను ఆ రోజు కలగజేసుకోలేదు. తర్వాత సినిమా మళ్లీ చూశాను, భారతంలో అశ్వత్థామ కథ ఉన్న తిక్కనగారి సౌప్తిక పర్వం తీసి చదివాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు పెద్దోడి మాట తీసుకుంటాను. అందరూ ఎక్కువగా అనే మాట అదే.

సినిమా ఎక్కడ మొదలవుతుందో గుర్తు తెచ్చుకోండి. కురుక్షేత్రం ముగిసింది. అశ్వత్థామ వేసిన అస్త్రం ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీదికి పోయింది. కృష్ణుడు అతన్ని శపించాడు. అక్కణ్ణుంచి కథ ఒక్కసారిగా ఆరువేల ఏళ్లు ముందుకు పోతుంది. అక్కడ ఏముంది? కాంప్లెక్స్ అనే తలకిందుల పిరమిడ్ ఉంది. అందులో గర్భిణుల ఒంట్లోంచి సీరం తీసే ల్యాబ్ ఉంది. కాంప్లెక్స్‌ను ఏలే సుప్రీమ్ యాస్కిన్‌కు తన ముసలితనం పోవాలి, శక్తి కావాలి. దానికోసం ఒక ఆడపిల్లకు పేరు కూడా ఉంచకుండా 'సమ్-80' అని నంబరు తగిలించారు. ఆ పిల్ల కడుపులో బిడ్డను కాపాడ్డానికి వచ్చేది ఎవరు? అదే అశ్వత్థామ.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చోట మంత్రంతో కడుపులో బిడ్డను కొట్టారు, ఇంకో చోట సూదితో. కొట్టిన చెయ్యి ఒకప్పుడు బ్రాహ్మణ వీరుడిది, ఇప్పుడు ల్యాబుల మధ్య కూర్చున్న పాలకుడిది. దెబ్బ మాత్రం ఒకటే. నాకు ఈ సినిమాలో అన్నింటికన్నా బలంగా కనిపించింది ఇదే. దేవుడికీ యంత్రానికీ పోటీ పెట్టిన కథ అయితే, దేవుడి పక్షాన నిలబెట్టడానికి ఇంతమంది పుణ్యాత్ములు ఉండగా, కడుపులో బిడ్డను చంపబోయిన వాణ్ణే ఎందుకు తెస్తారు చెప్పండి?

ఇంకో సంగతి. హీరో భైరవ బండిలో ఉండి మాట్లాడే బుజ్జి కూడా యంత్రమే కదా. భైరవతో పోట్లాడుతుంది, బుద్ధి చెబుతుంది, ఆపదలో వదలకుండా ఉంటుంది. కీర్తి సురేష్ గొంతు వినగానే హాల్లో పిల్లలు చప్పట్లు కొట్టారని మీరే చెప్పారు. యంత్రాన్ని విలన్‌గా చూపాలనుకున్న దర్శకుడు, హీరోకి దాన్నే నేస్తంగా పెడతాడా? కాంప్లెక్స్‌ను ఎదిరించే శంబల వాళ్లకూ ఆయుధాలున్నాయి, బళ్లున్నాయి. తేడా ఎక్కడుందంటే, కాశీలో జనం నీళ్లూ పచ్చదనం లేక అల్లాడుతుంటే అవన్నీ కాంప్లెక్స్‌లో పోగుపడ్డాయి. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. సోమశిల ఆయకట్టు చివర పొలం ఉన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్లు ఆపే గేటుకు మంచీ చెడూ తెలియవు, దాని తాళం ఎవరి దగ్గరుందన్నదే లెక్క.

ఇప్పుడు అమ్మాయి మాట. నీతో నాకు ఎక్కువ పని ఉంది తల్లీ, ఎందుకంటే నువ్వు భారతం మీద ప్రేమతో అన్నావు. అశ్వత్థామ వేసిన బ్రహ్మశిరోనామకాస్త్రం అంటే అణుబాంబే, మనవాళ్లకు అప్పుడే తెలుసు అన్నావు. సినిమాలో అస్త్రాలు వెలుగులు చిమ్ముతూ, యంత్రాల్లాగే కనిపిస్తాయి కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ భారతానికి ఆ గొప్ప అక్కర్లేదు. బాంబు తయారు చేయాలంటే లోహం కావాలి, లెక్క కావాలి, వందల ప్రయోగాలు కావాలి. అవేవీ భారతంలో లేవు, ఉండాల్సిన పనీ లేదు. భారతంలో ఉన్నది వేరే. అది మన నెల్లూరులోనే, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తెలుగులో చెప్పినది. విరాట పర్వం నుంచి పదిహేను పర్వాలు ఆయనవే కాబట్టి అశ్వత్థామ కథ మనకు ఆయన నోటే వచ్చింది.

ఆ కథలో ఏం జరిగిందో చూడు. రాత్రి, నిద్రపోతున్న శిబిరం మీదికి పోబోయే ముందు అశ్వత్థామ శివుణ్ణి కొలుస్తాడు. తన్ను తానే అగ్నికి ఆహుతి ఇవ్వడానికి సిద్ధపడతాడు. శివుడు ప్రత్యక్షమై కత్తి ఇస్తాడు, అతనిలో ప్రవేశిస్తాడు. ఆ తర్వాత అతను చేసింది ధృష్టద్యుమ్నుణ్ణి, ద్రౌపది ఐదుగురు కొడుకులను, నిద్రలో ఉన్న ఎందరినో చంపడం. అంటే భక్తి నిజమైనదే, వరం కూడా నిజమైనదే, అయినా జరిగింది ఘోరం. ఈ ముక్కను భారతం దాచలేదు. దేవుడి అండ ఉన్నవాడు చేసేదంతా మంచే అని భారతమే అననప్పుడు, ఒక సినిమాలో గుడీ శ్లోకం కనిపించగానే అది మతాన్ని పొగుడుతోందని మనం ఎలా అనుకుంటాం?

పాండవులు వెంటపడేసరికి అశ్వత్థామ ఒక గడ్డిపోచ తీసుకుని మంత్రించి వేశాడు. అటునుంచి అర్జునుడు అదే అస్త్రం వేశాడు. లోకం కాలిపోతుందని వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడి, ఇద్దరినీ వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకు చేతకాలేదు. వెయ్యడం వచ్చు, ఉపసంహరించడం రాదు. తిప్పి పంపక తప్పదు గనుక పాండవుల ఇంటి ఆడవాళ్ల గర్భాల మీదికి పంపాడు. అసలు ద్రోణుడు ఆ అస్త్రం కొడుక్కి ఇవ్వడమే ఇష్టం లేకుండా ఇచ్చాడు. అర్జునుడికి నేర్పాడని తెలిసి కొడుకు అడిగితే, ఎంత ఆపదలోనైనా మనుషుల మీద వెయ్యవద్దని చెప్పి మరీ ఇచ్చాడు. ఒక విద్య ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఇచ్చాక దాన్ని ఆపే దారేది? ఈ ప్రశ్న భారతంలో ఇంత సూటిగా ఉంది. దీన్ని వదిలేసి అణుబాంబు ఉందా లేదా అని కొట్టుకుంటే, చేతిలో ఉన్నదాన్ని పారేసుకోవడమే.

రాకెట్లు కట్టేవాళ్లకు ఈ ప్రశ్న బాగా తెలుసు. శ్రీహరికోటలో రాకెట్ లేచాక దారి తప్పితే దాన్ని గాలిలోనే పేల్చివేసే ఏర్పాటు ముందే అందులో పెడతారు. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్వీ-ఎఫ్06 అదుపు తప్పింది. లేచిన 64వ సెకనులో పేల్చివేత ఆదేశం ఇచ్చారు. శకలాలు ఊళ్ల మీద పడకుండా సముద్రంలో పడ్డాయి. కోట్ల ఖర్చు, ఏళ్ల కష్టం. అయినా ఆ మీట నొక్కాల్సిన మనిషి ఒకరు ఉంటారు, నొక్కే అధికారం ఆ మనిషికి ఉంటుంది. ఆ ప్రయోగాలు చేసేవాళ్లే సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళతారు, నమూనా రాకెట్టును తిరుమలకు తీసుకెళ్లి స్వామి పాదాల దగ్గర పెడతారు. దాన్ని చూసి కొందరు నవ్వుతారు, కొందరు సైన్సు ఓడిపోయిందంటారు. రెండూ తప్పే. కొబ్బరికాయ కొట్టినంత మాత్రాన ఏ ఇంజినీరూ లెక్క సరిచూడ్డం మానలేదు. లెక్క సరిపోయినా మనిషికి లోపల భయం పోదు. ఆ భయానికి గుడి కావాలి, రాకెట్టుకు లెక్క కావాలి. రెండూ పెట్టుకుని బతికే మనుషులు మన పక్కనే ఉన్నారు.

సినిమా భారతాన్ని మార్చిన చోట్లు కూడా చూడండి. సినిమా తీసినవాళ్ల మనసు అక్కడే దొరుకుతుంది. భారతంలో కృష్ణుడు అశ్వత్థామను మూడువేల ఏళ్లు ఒంటరిగా తిరగమని శపించాడు. సినిమాలో ఆ శాపం కలియుగం చివరిదాకా సాగింది. పైగా చివర్లో కల్కిని కాపాడే పని కూడా అప్పగించారు. ఈ పని భారతంలో లేదు. శిక్షను శిక్షగా వదలకుండా, తాను ఏ తప్పు చేశాడో ఆ తప్పునే సరిదిద్దుకునే దారి చూపించాలని వాళ్లకు అనిపించింది. నాకు ఆ మార్పు నచ్చింది. శంబలలో విష్ణుయశుడికీ సుమతికీ కల్కి పుడతాడని కల్కి పురాణం చెబుతుంది. సినిమాలో ఆ తల్లి ముందు నంబరు, తర్వాత సుమతి. పురాణంలో పేరుగా మాత్రమే కనిపించే తల్లి, సినిమాలో పరుగెడుతుంది, భయపడుతుంది, బిడ్డను వదులుకోనంటుంది. ఇది కూడా తీసినవాళ్లు కలిపిందే.

2898 అంకె సంగతి. దర్శకుడు నాగ్ అశ్విన్ సినిమా రాకముందే చెప్పారు, కథ భారతంతో మొదలై 2898లో ముగుస్తుంది, మొత్తం ఆరువేల ఏళ్లు అని. క్రీస్తుపూర్వం 3102లో కలి మొదలైందని మన పంచాంగాల లెక్క. 499లో ఆర్యభటుడు కూడా అప్పటికి కలిలో 3600 ఏళ్లు గడిచాయని రాశాడు. 3102కు 2898 కలిపితే ఆరువేలు. అయితే శాస్త్రం ప్రకారం కలియుగం మొత్తం 4,32,000 ఏళ్లు. ఇంట్లో పూజ చేసినప్పుడల్లా అయ్యవారు సంకల్పంలో 'కలియుగే ప్రథమపాదే' అంటారు, మీరు వింటూనే ఉంటారు. ఆ లెక్కన 2898 నాటికి కూడా మనం మొదటి పాదంలోనే ఉంటాం, కల్కి రావడానికి చాలా దూరం ఉంది. దీన్ని తప్పు పట్టాలని రాయడం లేదు. ఊహకు అందేంత దగ్గర్లో కథ జరగాలని అంకె తెచ్చుకున్నారు. నమ్మకాన్ని వాడుకున్నారు, దాన్ని తమ కథకు వంచుకున్నారు. పురాణం చదివి సినిమా చూసేవాడికి ఆ వంపు కనిపిస్తుంది, చదవనివాడికి సినిమాయే పురాణం అయిపోతుంది. నాకు దిగులు అక్కడే.

చిన్నోడా, నీ మాట కొట్టిపారెయ్యను. 2024 జూన్ 27న వచ్చిన ఆ సినిమాకు వందల కోట్లు పెట్టారు. అంత డబ్బు తిరిగి రావాలంటే తెలుగువాళ్లు ఒక్కళ్లే చూస్తే చాలదు. కృష్ణుడూ కాశీ అంటే దేశమంతా కదులుతుందని వాళ్లకు తెలియదా, తెలుసు. కానీ డబ్బు కోసం చేసిన పనిలో ఇంకేమీ ఉండదని అనుకోవద్దు. ఒకే మనిషిలో రెండు మూడు కోరికలు కలిసి ఉంటాయి. మన ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో 'ఆదిత్య 369' తీశారు. టైమ్ మెషీన్‌లో కృష్ణదేవరాయల కాలానికి తీసుకెళ్లారు. అదీ టికెట్లు అమ్మడానికి తీసిన సినిమాయే. అయినా దాన్ని చూసి చరిత్ర పుస్తకం తెరిచిన పిల్లలను నేను బడిలో చూశాను. ఆయనే 'కల్కి'కి మార్గదర్శిగా ఉన్నారు. అందువల్ల "ఎందుకు తీశారు" అని అడిగినప్పుడు, వాళ్లు బయట చెప్పినదీ, తెరమీద చేసినదీ రెండూ పక్కన పెట్టుకుని చూడు. మనసులోది మనకు తెలియదు. తెరమీద ఉన్నది తెలుస్తుంది. దాంతోనే మాట్లాడాలి.

మాట్లాడేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త. యాస్కిన్ అన్నమాటలు యాస్కిన్‌వి. కౌరవ సభలో దుర్యోధనుడు అన్నవి వ్యాసుడి మాటలని ఎవరూ అనరు. సినిమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక డైలాగ్ పట్టుకుని సినిమా ఇలా చెప్పింది, అలా చెప్పింది అని కొట్టుకుంటాం. ఆ మాట ఎవరన్నారు, అన్నాక వాళ్లు ఏం చేశారు, చేసినదాని వల్ల ఎవరు బాధపడ్డారు అని చూస్తే సగం గొడవలు ఉండవు.

చివర్లో సీరం చుక్కతో యాస్కిన్ గాండీవం ఎత్తగలిగాడు చూశారా, నా ఆలోచన అక్కడే ఆగింది. దేవతలు అర్జునుడికి ఇప్పించిన విల్లు, కడుపులో బిడ్డనుంచి దోచిన శక్తితో కదిలింది. అంటే ఆ విల్లుకు అర్హత అక్కర్లేదా, బలం చాలా? అశ్వత్థామకు విద్య ఇచ్చి ద్రోణుడు పడిన బాధే ఇదీ. రెండో భాగంలో దీనికి జవాబు చెప్పకపోతే నేను ఒప్పుకోను.

సౌప్తిక పర్వం ఉన్న సంపుటం, తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు తాత్పర్యంతో వేసింది, మీ మామయ్య చేత పంపిస్తున్నాను. పద్యం అర్థం కాకపోతే ముందు తాత్పర్యం చదివి తర్వాత పద్యం గట్టిగా చదవండి. ద్రోణుడు కొడుక్కి చెప్పిన మాట ఎక్కడుందో వెతికి పెట్టండి. వేసవి సెలవులకు వచ్చేలోపల ముగ్గురూ విడివిడిగా నాకు ఉత్తరం రాయాలి. ఒకరిది చూసి ఒకరు రాయకండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ