నాన్నతో 5 కిలోమీటర్లు: ఛారిటీ రన్ మీద అపోహలు - వాస్తవాలు

నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. కనిగిరి వైపు పల్లెలో ఉండే మా చిన్నాన్నకు కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. డయాలసిస్ రోగుల ప్రయాణ ఖర్చులు పెట్టుకునే ఒక ట్రస్టు కోసం జనవరి చివర్లో జరిగే 5 కిలోమీటర్ల పరుగుకు నేనూ నాన్నా పేర్లిచ్చాం. నాన్నకు 63 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, షుగరూ బీపీ ఉన్నాయి. ఆ రెండు నెలల్లో చుట్టాల నోట, నా పేషెంట్ల నోట విన్న మాటలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రొప్పు వస్తేనే ట్రైనింగ్ చేసినట్టు.

మొదటి వారం నేనే ఈ తప్పు చేశాను. నా వేగానికి నాన్నను లాక్కెళ్లాను. నాలుగో రోజు పిక్క పట్టేసి పన్నెండు రోజులు ఇంట్లో కూర్చున్నాడు. ఇంకొకరికి చెప్పే జాగ్రత్త మా నాన్న విషయంలో తీసుకోలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీలు, అంటే టెండన్లు గట్టిపడేదానికి నెలలు పడుతుంది. దమ్ము ఉంది కదా అని వేగం పెంచితే దెబ్బ తగిలేది అక్కడే. అందుకే మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అలా పాతిక నిమిషాలు, వారానికి మూడు రోజులు. "ఏందమ్మా, నడిచేదానికి కూడా ట్రైనింగా?" అన్నాడు నాన్న. తొమ్మిదో వారానికి 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర రౌండ్లు, అంటే 5 కిలోమీటర్లు, మధ్యలో కొంచెం నడుస్తూ పూర్తి చేశాడు.

వేగం కొలిచేదానికి వాచీ అక్కర్లేదు. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అదే సరైన వేగం. మాట తెగుతోందంటే తగ్గించాలి. ఇంట్లో మనిషితో కలిసి చేయమని నేను చెప్పేది ఇందుకే. చిన్నతనంలో చిన్నాన్నా తనూ చెరువులో ఈత నేర్చుకున్న కథ నాన్న నాకు ట్రాక్ మీదే చెప్పాడు. అంతకుముందు ఎప్పుడూ వినలేదు. పెద్దవాళ్ల వేగంతో వెళ్తే మన ప్రాక్టీసు పాడవుతుందని వయసువాళ్లు అనుకుంటారు. బాగా పరిగెత్తేవాళ్లు కూడా వారంలో ఎక్కువ భాగం ఇలా తేలిగ్గానే పరిగెత్తుతారు.

అపోహ: పరిగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయి.

సరదాకు, ఆరోగ్యానికి పరిగెత్తేవాళ్లలో మోకాళ్ల అరుగుదల మిగతావాళ్ల కంటే ఎక్కువేమీ కాదు. ఇప్పటికే వాపు, పాత దెబ్బ ఉన్నవాళ్లు మాత్రం చూపించుకుని మొదలుపెట్టాలి.

అపోహ: మైపాడు బీచ్ ఇసుకలో పరిగెత్తితే కాళ్లకు మంచిది.

మెత్తటి ఇసుకలో గట్టి నేల మీద కంటే ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. పిక్కల మీద, మడమ వెనక టెండన్ మీద భారం పడుతుంది. కొత్తవాళ్లకు వద్దు. నడవండి, చాలు.

అపోహ: ముందే ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటే ఏ నొప్పీ ఉండదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టే అపోహ ఇది. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు వెళ్లే రక్తం తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తన రక్తనాళాలను తెరిచి ఉంచుకునేదానికి కొన్ని రసాయనాలను వాడుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు సరిగ్గా ఆ రసాయనాలనే ఆపేస్తాయి. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. కిడ్నీ రోగుల కోసం పరిగెత్తుతూ మన కిడ్నీల మీద దెబ్బ వేసుకోవద్దు. పైగా నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో కూడా తెలియదు.

మర్నాడు, మూడో రోజు ఒళ్లు నొప్పులు వస్తే అది మామూలే, తగ్గిపోతుంది. ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, పరిగెత్తే కొద్దీ పెరిగే నొప్పి మాత్రం ఆగమని చెప్పే నొప్పి.

అపోహ: షుగరు ఉన్నవాళ్లు పరిగెత్తకూడదు.

పరిగెత్తొచ్చు, డాక్టరు చూసి సరేనన్నాక. నాన్నకు ముందు ఈసీజీ తీయించాం. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు పరుగులో, ఆ తర్వాత కొన్ని గంటల వరకు కూడా షుగరు పడిపోవచ్చు. బయల్దేరే ముందు మిషన్‌లో చూసి 100 లోపు ఉంటే నాన్న ఒక అరటిపండు తినేవాడు. జేబులో గ్లూకోజు ఎప్పుడూ ఉండాలి. ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోవాలి, స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం ఉంటే అక్కడికక్కడే ఆగిపోవాలి.

నీళ్ల గురించి ఒక్క మాట. 5 కిలోమీటర్లకు దాహం మేరకు తాగితే చాలు, కడుపు నిండా పట్టించొద్దు. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాబట్టి ఎండ ఎక్కకముందే ముగించాలి.

అపోహ: ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) డయాలసిస్ ఉచితమే కదా, చందా ఎందుకు?

చందా అడిగినప్పుడు పదిమందిలో నలుగురైనా ఈ మాట అన్నారు. డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు, నిజమే. కానీ చిన్నాన్న వారానికి మూడుసార్లు వెళ్లాలి. ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద. అయ్యాక నీరసంగా ఉంటుంది, బస్సు ఎక్కలేడు, ఆటో మాట్లాడుకోవాలి. తోడు వెళ్లే పిన్నికి ఆ రోజు కూలి పోతుంది. డయాలసిస్ ఉచితం అంటే ఇవన్నీ అందులో వచ్చినట్టు కాదు. ఇలా విడమరిచి చెప్పాక ఎవరూ కాదనలేదు. "ఒక మనిషికి ఒక వారం ఆటో ఖర్చు మీరు పెట్టుకోండి" అని అడగడం "మీకు తోచింది ఇవ్వండి" కంటే బాగా పనిచేసింది.

అపోహ: నా ఫోన్‌పేకి వేస్తే చాలు, రసీదు తర్వాత చూద్దాం.

పన్ను మినహాయింపుకు చూపించే రసీదు (80జి రసీదు అంటారు) ఇవ్వాల్సింది రిజిస్టరైన ట్రస్టే, మనం కాదు. అందుకని డబ్బు నేరుగా ట్రస్టు ఖాతాకే పంపించండి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ పన్ను మినహాయింపు రాదు. అది కూడా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. చేతికిచ్చిన చిల్లర చందాలను నాన్న నోటుబుక్కులో పేరు, తేదీ, మొత్తం రాసి అదే రోజు జమ చేసేవాడు. ముప్పై ఏళ్లు టికెట్ల లెక్క అప్పజెప్పిన మనిషి, ఒక్క పదిరూపాయలు తేడా రానివ్వలేదు.

అపోహ: పరుగు అయిపోతే పని అయిపోయినట్టే.

డబ్బు ఎక్కడికి చేరిందో ఇచ్చినవాళ్లకు చెప్పేదాకా అయిపోలేదు. నాన్న నోటుబుక్కు ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు, మూడు సాయంత్రాలు. వాళ్లలో ఇద్దరు వచ్చే ఏడాది మాతో పరిగెత్తుతామన్నారు. ఒకాయనకు బీపీ ఉంది. నవంబరులో వానలు చూసుకుని మొదలుపెడదామని, ఈలోపు ఈసీజీ తీయించుకోమని చెప్పాను.